తండ్రి మాట, బిడ్డ రాత: స్టీఫెన్ లాంగ్టన్, విశ్వేశ్వర శివాచార్యులు

సర్ పిట్టి త్యాగరాయ చెట్టి స్మారకోపన్యాసం
వాషర్‌మెన్‌పేట్, చెన్నై



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ మహనీయుని గురించి ఈ పేటవారికి వేరే చెప్పనక్కరలేదు. పాత వాషర్‌మెన్‌పేట్‌లో ఆయన పేరు మోస్తున్న కళాశాల ఉంది. ఆయన పేరే నగరపు మరో దిక్కున త్యాగరాయనగరమై వెలిసింది. 1852లో తెలుగు దేవాంగ కుటుంబంలో జన్మించి, 1876లో ప్రెసిడెన్సీ కళాశాల నుంచి పట్టా పొంది, నేతపనిని నమ్ముకొన్న కులంలో పుట్టినందుకు ఆ పరిశ్రమ బాగు కోసం పాటుపడి, 1882 మొదలు దాదాపు నలభై ఏళ్లు మద్రాసు నగర పాలక సంస్థలో ప్రజాపక్షాన నిలిచిన త్యాగరాయ చెట్టి గారు 1925 ఏప్రిల్ 28న కన్నుమూశారు. 1916 నవంబరులో టి.ఎం. నాయర్, సి. నటేశ మొదలియార్ గార్లతో కలిసి దక్షిణ భారత ఉదారవాదుల సమాఖ్యను, అంటే తరవాత జస్టిస్ పార్టీగా పేరుపడిన సంస్థను స్థాపించి, మరుసటి నెలలోనే బ్రాహ్మణేతరుల విన్నపాన్ని ఆయన అచ్చులో పెట్టి ప్రకటించారు. 1920 ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచి, గవర్నరు ప్రభుత్వాన్ని ఏర్పాటు చేయమని పిలిచినప్పుడు ఆ పదవిని తాను స్వీకరించక, ఎ. సుబ్బరాయలు రెడ్డియార్ గారికి దారి విడిచారు.

అట్టి ప్రజానాయకుని పేర జరిగే సభలో ఎనిమిది వందల ఏళ్ల నాటి ఆంగ్ల మతాచార్యుని జీవితం ఎందుకు చర్చనీయమైందో మొదటే విన్నవించవలసి ఉంది. పాలకుడు నోటితో అనుగ్రహించిన మాట పాలితుని హక్కుగా ఏ ఘడియలో మారుతుంది అన్న ప్రశ్న త్యాగరాయ చెట్టి గారి ప్రజాజీవితానికంతటికీ ఆధారం. ఆ ప్రశ్నకు పదమూడవ శతాబ్దిలో ఇంగ్లండులో ఒక ఆచార్యుడు, అదే శతాబ్దిలో కృష్ణాతీరంలో మరొక ఆచార్యుడు తమ జీవితాలతో సమాధానం చెప్పారు. రాజు ఇచ్చిన మాట, ఆ రాజు బిడ్డ ఏలుబడిలో రాతగా స్థిరపడినప్పుడే ధర్మమై నిలుస్తుందనీ, ఆ రెండు తరాల నడుమ వంతెనగా నిలవడమే రాజగురువు చేయగల అత్యుత్తమమైన పని అనీ ఈ ఉపన్యాసం ప్రతిపాదిస్తుంది.

1. ఒకే ఏట ఇద్దరు రాజులు

1199వ సంవత్సరం ఇంగ్లండు చరిత్రకూ తెలుగు దేశ చరిత్రకూ ఉమ్మడి మైలురాయి వంటిది. ఆ ఏడాది మే నెలలో జాన్ ఇంగ్లండు సింహాసనం ఎక్కాడు. ఆ ఏడాదే, దేవగిరి యాదవుల చెర నుంచి విడుదలైన కాకతీయ గణపతిదేవుడు ఓరుగల్లులో రాజ్యానికి వచ్చాడని చరిత్రకారులు లెక్కిస్తారు. మొదటివాడు పదిహేడేళ్లలో తండ్రితాతల నాటి ఫ్రాన్సు భూముల్లో అధిక భాగం పోగొట్టుకొని అంతర్యుద్ధం మధ్య మరణించగా, రెండవవాడు అరవై ఏళ్లకు పైగా పాలించి తెలుగు నేలను చాలావరకు ఒక్క గొడుగు కిందికి తెచ్చాడు. స్వభావాల్లోనూ ఫలితాల్లోనూ ఇంత దూరమున్న ఈ ఇద్దరి కొలువుల్లోనూ రాజు తల వంచవలసిన ఆచార్యుడొకడు ఉండడం గమనించదగిన విషయం.

ఇక్కడ కొన్ని మాటలకు అర్థం చెప్పుకోవాలి. క్రైస్తవ మండలంలో ఒక ప్రాంతపు పీఠాధిపతిని బిషప్పు అంటారు. కొందరు బిషప్పులకు పెద్దగా ఉండే వాడు ఆర్చిబిషప్పు, తెలుగు కతోలికుల వాడుకలో అగ్రపీఠాధిపతి. ఇంగ్లండులో కాంటర్బరీ, యార్కు అనే రెండు అగ్రపీఠాలు ఉండగా, రాజుకు పట్టాభిషేకం చేసే గౌరవం ఆనవాయితీగా కాంటర్బరీకి దక్కింది. పదహారవ శతాబ్దిలో ఎనిమిదవ హెన్రీ రోముతో తెగతెంపులు చేసుకొనేదాకా, అంటే మతసంస్కరణోద్యమం దాకా, ఆ పీఠం పోపుకు లోబడి ఉండేది. అందువల్ల కాంటర్బరీ అగ్రపీఠాధిపతికి ఇద్దరు ప్రభువులు: రోములో పోపు, ఇంగ్లండులో రాజు. ఆ ఇద్దరి పట్టింపుల మధ్య 1170లో థామస్ బెకెట్ తన పీఠం ఉన్న గుడిలోనే రాజు మనుషుల కత్తులకు బలి కాగా, ఒక తరం గడిచిన తరవాత అదే పీఠానికి స్టీఫెన్ లాంగ్టన్ వచ్చాడు.

2. పారిస్ పండితుడు

లాంగ్టన్ లింకన్‌షైర్‌లో, పన్నెండవ శతాబ్ది నడిమి కాలంలో పుట్టి, చిన్ననాడే పారిస్ చేరి దాదాపు రెండు దశాబ్దాలు అక్కడ వేదాంతం చదివి, చెప్పాడు. ఈ సభలో బైబిలు చదివే కుటుంబాలవారు ఉంటే వారికి ఆయన ప్రతిదినమూ పరిచితుడే అని చెప్పవచ్చు. ఎందుకంటే బైబిలు గ్రంథాలకు నేడున్న అధ్యాయ విభజన లాంగ్టన్ పారిస్‌లో పాఠాలు చెప్పే రోజుల్లో చేసినదని సంప్రదాయం చెబుతుంది. వచనాల సంఖ్యలు పదహారవ శతాబ్దిలో చేరాయి గాని, తెలుగు బైబిల్లో ఫలానా కాండం ఫలానా అధ్యాయం అని వేలు పెట్టి చూపే వీలు కల్పించింది ఆ పండితుని అక్కరే. విద్యార్థులందరూ ఒకే చోటును ఒకే లెక్కతో పట్టుకోగలగడం చిన్న సౌకర్యంగా కనిపించినా, రాసిన దాన్ని పదిమందీ ఒకే రీతిన చూడగలిగినప్పుడే దాని మీద వాదన సాధ్యమవుతుందన్న బుద్ధి అందులో ఉంది.

లాంగ్టన్ వ్యాఖ్యానించిన గ్రంథాల్లో ద్వితీయోపదేశకాండం ఒకటి. దాని పదిహేడవ అధ్యాయంలో రాజుకు కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి: గుర్రాలనూ వెండి బంగారాలనూ విస్తారంగా పోగు చేసుకోరాదనీ, యాజకుల దగ్గరున్న ధర్మశాస్త్రానికి ప్రతి రాయించుకొని బతికినన్నాళ్లూ చదువుకోవాలనీ ఆ గ్రంథం విధిస్తుంది. రాజు చేతిలో రాతపూర్వకమైన ధర్మం ఉండాలనీ, ఆ ధర్మపు మూలప్రతి ఆచార్యుల వద్ద ఉంటుందనీ చెప్పే ఈ భాగాన్ని లాంగ్టన్ పట్టుదలగా వివరించాడు. తరవాత 1215లో రన్నీమీడ్ మైదానంలో జాన్ రాజు ఇచ్చిన హామీపత్రానికి బీజం పారిస్ పాఠశాలలోనే పడిందని చరిత్రకారులు కొందరు భావించడానికి కారణం ఇదే.

3. గుమ్మం బయట ఆరేళ్లు

1205లో కాంటర్బరీ పీఠం ఖాళీ కాగా, అక్కడి సన్యాసులు తమలో ఒకరిని రహస్యంగా ఎన్నుకొన్నారు. జాన్ రాజు తనకు నమ్మకస్తుడైన నార్విచ్ బిషప్పును నిలబెట్టాడు. తగవు రోముకు చేరినప్పుడు మూడవ ఇన్నోసెంట్ పోపు ఆ రెండు ఎన్నికలనూ కొట్టివేసి, అంతకు కొద్ది కాలం ముందే తాను కార్డినల్‌గా, అంటే పోపును ఎన్నుకొనే పెద్దలలో ఒకడిగా చేసుకొన్న లాంగ్టన్‌ను ఎన్నిక చేయించి, 1207 జూన్ 17న ఇటలీలోని వితెర్బోలో తన చేతులమీదుగా అభిషేకించాడు. శత్రురాజు రాజధానిలో ఏళ్ల తరబడి బతికినవాడు తనకు అక్కరలేదని జాన్ అతణ్ణి దేశంలో అడుగు పెట్టనివ్వలేదు.

తరవాతి ఆరేళ్లూ లాంగ్టన్ ప్రవాసంలోనే గడిపాడు. ఒకప్పుడు బెకెట్ తలదాచుకొన్న ఫ్రాన్సులోని పొంటిన్యీ మఠమే ఆయనకూ ఆశ్రయమైంది. 1208 మార్చిలో పోపు ఇంగ్లండంతటికీ ఆరాధన నిషేధం విధించాడు. ఇది దేశం మొత్తానికి వేసే మతశిక్ష. గుడిగంటలు మోగవు, బహిరంగ పూజలు జరగవు, మృతులకు పవిత్రభూమిలో ఖననం ఉండదు. రాజుతో తగవుకు ప్రజలు చెల్లించిన మూల్యం ఇది. 1209లో జాన్‌కు వెలి కూడా పడింది. చివరకు ఫ్రాన్సు దండయాత్ర భయం ముంచుకొచ్చి, 1213 మేలో అతడు తన రాజ్యాన్నే పోపుకు సమర్పించి, ఏటా వెయ్యి మార్కుల కప్పం కట్టే సామంతుడిగా దాన్ని మళ్లీ పుచ్చుకొన్నాడు.

1213 జూలై 20న విన్చెస్టర్‌లో లాంగ్టన్ రాజును వెలి నుంచి విడిపించాడు గాని ఊరికే విడిపించలేదు. పూర్వరాజుల మంచి చట్టాలను తిరిగి నిలబెడతానని, అందరికీ న్యాయం చేస్తానని ముందు ప్రమాణం చేయించాడు. ఆ ఆగస్టులో లండన్ సెయింట్ పాల్ దేవాలయంలో సామంతులను సమావేశపరచి, 1100వ సంవత్సరంలో మొదటి హెన్రీ పట్టాభిషేక వేళ ఇచ్చిన హామీపత్రాన్ని చదివి వినిపించాడని ఆనాటి వృత్తాంతకారుడు రోజర్ ఆఫ్ వెండోవర్ వినికిడిగా రాసి ఉంచాడు. అందులోని ప్రతి వివరమూ యథాతథమని అనలేకపోయినా, ఆ కథలో ఒక సత్యం ఉంది: ఆచార్యుడు కొత్త కోరికను సృష్టించకుండా, మరుగున పడిన పాత రాతను వెలికి తీసి నేటి రాజు ముందు పెట్టాడు.

4. రన్నీమీడ్ కంటే పెద్ద రోజు

1214 జూలైలో బువీన్ యుద్ధంలో జాన్ పక్షం ఓడాక సామంతులు తిరగబడ్డారు. 1215 జూన్ 15 తేదీతో, థేమ్స్ ఒడ్డున ఉన్న రన్నీమీడ్ పచ్చికలో మాగ్నాకార్టా, అంటే మహాహామీపత్రం వెలువడింది. ఎవరి సలహా మీద దాన్ని ఇస్తున్నాడో రాజు చెప్పుకొన్న పేర్ల వరుసలో మొదటిది లాంగ్టన్‌ది. మొదటి అంశం క్రైస్తవ మండలి స్వేచ్ఛ. స్వేచ్ఛాపురుషుణ్ణి దేశచట్టం ప్రకారమో సాటివారి తీర్పు ప్రకారమో తప్ప చెరలో పెట్టరాదన్న అంశం, న్యాయాన్ని ఎవరికీ అమ్మరాదు, నిరాకరించరాదు, ఆలస్యం చేయరాదన్న అంశం, వర్తకులు నిర్భయంగా వచ్చిపోవచ్చునన్న అంశం అందులో ఉన్నాయి. చట్టం నిర్ణయించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదనే భారత రాజ్యాంగపు 21వ అధికరణం చదివినవారికి ఆ మాటల బంధుత్వం వెంటనే తెలుస్తుంది.

రన్నీమీడ్‌ను విజయంగా తలచుకోవడం అందరికీ అలవాటే. శ్రోతలు ఒక్క క్షణం ఆగి తరవాతి వరసను కూడా చూడాలి. సరిగ్గా పది వారాలకు, ఆగస్టు 24న, బలవంతాన రాయించిన పత్రం చెల్లదని పోపు రద్దు చేశాడు. తిరగబడ్డ సామంతులకు వెలి ప్రకటించమని వచ్చిన ఆజ్ఞను లాంగ్టన్ అమలు చేయనందుకు, తనను పీఠానికి ఎక్కించిన పోపు ప్రతినిధుల చేతిలోనే అధికారం పోగొట్టుకొని, రోముకు వెళ్లి, 1218 దాకా దేశానికి దూరమయ్యాడు. జీవితం అక్కడితో ముగిసి ఉంటే ఆయన ఓడిపోయిన మధ్యవర్తిగానే మిగిలేవాడు.

1216 అక్టోబరులో జాన్ మరణించగా తొమ్మిదేళ్ల కొడుకు మూడవ హెన్రీ రాజయ్యాడు. పసిరాజు సంరక్షకులు 1216లోనూ 1217లోనూ ఆ పత్రాన్ని సవరించి మళ్లీ ప్రకటించారు. 1223లో లాంగ్టన్ యౌవనంలోని రాజు ఎదుట నిలిచి, ఆ హామీలను స్వయంగా ధ్రువపరచమని అడిగాడు. అవి బలవంతాన పుట్టినవి కాబట్టి పాటించనక్కరలేదని విలియం బ్రూవర్ అనే సభికుడు అడ్డుపడినప్పుడు, రాజు మీద ప్రేమ ఉన్నవాడు రాజ్యశాంతికి భంగం తేడని ఆచార్యుడు మందలించాడు. ఆ ఆక్షేపణకు పూర్తి జవాబు 1225లో వచ్చింది. దేశంలోని చరాస్తుల మీద పదిహేనో వంతు పన్ను ఇవ్వడానికి ప్రజలు ఒప్పుకోగా, రాజు తన సొంత, స్వేచ్ఛాయుత సంకల్పంతో ఇస్తున్నానని చెప్పి మహాహామీపత్రాన్ని వెలువరించాడు. దాన్ని మీరినవారికి లాంగ్టన్, తోటి బిషప్పులు వెలి శిక్షను ప్రకటించారు. ఇంగ్లండు న్యాయస్థానాల్లో శతాబ్దాల పాటు చెల్లినది ఈ 1225 నాటి పాఠమే. అందులోని కొన్ని అంశాలు నేటికీ అక్కడి చట్టగ్రంథంలో ఉన్నాయి. తండ్రి కత్తిమొన మీద ఒప్పుకొన్న దాన్ని కొడుకు కలంతో ఒప్పుకొన్నాడు. ఆ నడుమ పదేళ్లు మాటను ఆరిపోనివ్వక కాపాడినవారిలో అగ్రగణ్యుడు లాంగ్టన్. 1228 జూలైలో స్లిండన్‌లో తనువు చాలించేనాటికి ఆయన చేయగల పని పూర్తయింది.

5. కృష్ణాతీరపు శిలాసాక్ష్యం

ఇప్పుడు దృష్టిని తెలుగు నేల మీదికి మళ్లించాలి. గణపతిదేవునికి శైవదీక్ష ఇచ్చిన గురువు విశ్వేశ్వర శివాచార్యుడు, మరో పేర విశ్వేశ్వర శంభువు. లాంగ్టన్ పరదేశంలో చదివి స్వదేశానికి రాగా, ఈయన పరదేశం నుంచే వచ్చాడు. స్వస్థలం గౌడదేశం, అంటే నేటి వంగభూమిలోని రాఢ ప్రాంతపు పూర్వగ్రామం. గోళకీ మఠమనే శైవాచార్య పరంపరకు ఆయన పీఠాధిపతి. ఆ పరంపర మధ్యదేశంలోని కలచురి రాజుల ఆదరణతో పెరిగి, దక్షిణాదికి విస్తరించింది.

ఆయన చరిత్రకు ప్రధాన ఆధారం నేటి గుంటూరు జిల్లా మల్కాపురంలోని శాసనం. దాని కాలం శకవర్షం 1183, అంటే 1261. గణపతిదేవుడు ముదిమిలో ఉండగా కూతురు రుద్రమదేవి రాజ్యభారం వహిస్తున్న సమయం. కృష్ణ దక్షిణపుటొడ్డున ఉన్న మందర గ్రామాన్ని గణపతిదేవుడు గురువుకు నోటిమాటగా ఇచ్చాడనీ, రుద్రమదేవి ఆ మాటను శాసనపూర్వకం చేసి, వెలగపూడి గ్రామాన్ని కూడా చేర్చి దానం చేసిందనీ అందులో ఉంది. ఇంగ్లండులో తండ్రి నుంచి కొడుక్కు నడిచిన వరస ఇక్కడ తండ్రి నుంచి కూతురికి నడిచింది. వాగ్దానం ఒక తరానిది, శాసనం మరో తరానిది. రెంటికీ నడుమ నిలిచినవాడు ఆచార్యుడు.

ఆ దానంతో విశ్వేశ్వరుడు ఏం చేశాడో తెలుసుకొన్నప్పుడే రాత విలువ బోధపడుతుంది. గుడి, శుద్ధశైవ మఠం, అన్నసత్రం కట్టించి, వచ్చే రాబడిని పంచి, ఒక పాలు శివాలయానికి, మరో పాలు విద్యార్థులకూ మఠానికీ, ఇంకొక పాలు ప్రసూతిశాలకూ ఆరోగ్యశాలకూ చెందేలా ఏర్పాటు చేశాడు. మూడు వేదాలకు ముగ్గురు అధ్యాపకులను, వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పేందుకు ఐదుగురిని, ఒక వైద్యుణ్ణి, ఒక కరణాన్ని నియమించాడు. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుని దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని శాసనం విధించింది. ఎవరికి ఎంత భూమి, ఎవరిది ఏ పని అన్న లెక్క రాతిలో పడింది కాబట్టే, ఏడు వందల అరవై ఏళ్ల తరవాత కూడా దాన్ని చదివి ఇది ఇలా జరగవలసింది అని చెప్పే వీలుంది.

గణపతిదేవుని మోటుపల్లి అభయశాసనం కూడా ఈ సందర్భంలో స్మరించదగినది. శకవర్షం 1166, అంటే 1244-45 నాటి ఆ శాసనం, తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు మొత్తం లాగుకొనేవారని చెప్పి, ఇకపై నిర్ణీత సుంకం మాత్రమే తీసుకొని తక్కినది వర్తకులకే వదిలిపెడతామని సముద్ర వ్యాపారులకు అభయమిచ్చింది. మాగ్నాకార్టాలోని వర్తకుల అంశానికి ఇది ముప్పై ఏళ్లలోపు తోబుట్టువు. కాకతీయుల పిమ్మట 1358లో కొండవీటి అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు తిరిగి శాసనం వేయించి హామీ ఇవ్వవలసి వచ్చింది. ఒకసారి రాసినది ఎల్లకాలం తనంతట తానే నడవదు. వచ్చిన ప్రతి పాలకుని చేతా మళ్లీ ఒప్పించుకోవాలన్నది రెండు దేశాల చరిత్ర నేర్పే సమానమైన పాఠం.

6. రాత చేరని మనుషులు

ఇంతవరకు చేసిన స్తుతి సత్యంగా ఉండాలంటే ఈ ఇద్దరు ఆచార్యుల పరిమితులను కూడా చెప్పాలి. మాగ్నాకార్టా రక్షించిన స్వేచ్ఛాపురుషుడు ఆనాటి ఇంగ్లండు జనంలో ఒక భాగమే. ప్రభువు భూమికి కట్టుబడి బతికిన ఊడిగపు రైతుకు ఆ మాట వర్తించలేదు. అంతకంటే బాధాకరమైనది, 1222లో ఆక్స్‌ఫర్డ్‌లో లాంగ్టన్ అధ్యక్షత వహించిన మతసభ యూదులు వేరుగా గుర్తు ధరించి తిరగాలని నిర్ణయించింది; యూదమతం పుచ్చుకొన్న ఒక డీకనును, అంటే గురుపట్టానికి కింది మెట్టు మీది మతసేవకుణ్ణి, ఆ సభ దోషిగా తేల్చగా పౌరాధికారులు సజీవదహనం చేశారు. న్యాయాన్ని ఎవరికీ నిరాకరించరాదన్న పత్రానికి పెద్దదిక్కు అయినవాని చేతుల మీదుగానే ఇది జరిగిందని మరచిపోరాదు.

మల్కాపురపు అగ్రహారంలో భూములు దక్కినది ప్రధానంగా దక్షిణాది నుంచి వచ్చి స్థిరపడిన బ్రాహ్మణ కుటుంబాలకు. ఆ భూముల్ని దున్నినవారి హక్కులను ఆ శాసనం ప్రస్తావించలేదు. సత్రంలో చండాలునికి అన్నం దొరికింది గాని పాఠశాలలో అతనికి పలక దొరకలేదు. అయినా అన్నం దగ్గర గీత చెరిపేసిన ఆ వాక్యం రాతిలో ఉండబట్టే, ఆ గీతను బడి దగ్గర కూడా చెరిపేయమని అడిగే తరాలకు అది ఆధారమైంది. రాత మొదట కొందరిదే కావచ్చు. దానిలోని మాట అందరిదీ కావడం అడిగేవారి మీద ఆధారపడి ఉంటుంది.

7. అణా ఫలహారం నుంచి చట్టం దాకా

ఈ అడిగే పనిని మద్రాసులో చేపట్టినవారిలో త్యాగరాయ చెట్టి గారు ఒకరు. ఆయన పీఠాధిపతి కారు, రాజగురువు కారు. అయితే అధికారపు గద్దెను స్వీకరించకుండానే అధికారం చేత రాయించగల శక్తి ఆయనకు ఉండేది. 1920లో ఆయన అధ్యక్షులుగా ఉన్న నగర పాలక సంస్థ, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని తన పాఠశాలలో పేదపిల్లలకు తలకు రోజుకు అణా మించని ఖర్చుతో ఫలహారం పెట్టాలని తీర్మానించింది. అది పాలక సంస్థ పుస్తకంలో రాసిన తీర్మానం. ఒక ధనికుని ఇంటి ముందు ఒకనాడు జరిగే సంతర్పణ కాదు. తరవాతి కాలంలో ఆ ఏర్పాటు ఆగిపోయింది. అయినా రాత మిగిలింది. 1950ల నడిమి కాలంలో కామరాజ్ గారి ప్రభుత్వం బడిభోజనాన్ని రాష్ట్రమంతటికీ తీసుకువెళ్లింది, 1982లో ఎం.జి. రామచంద్రన్ గారి ప్రభుత్వం దాన్ని మరింత విస్తరించింది. 2001లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడుల్లో వండిన భోజనం పెట్టాలని దేశంలోని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం బడిపిల్లల మధ్యాహ్న భోజనాన్ని హక్కుగా రాసింది. దయగా మొదలైనది తరం తరవాత తరం మళ్లీ అడగగా, మళ్లీ రాయగా ధర్మమైంది.

గణపతిదేవుడు నోటితో ఇచ్చిన మందర గ్రామమే నేటి మందడం. రుద్రమదేవి రాతలో చేర్చిన వెలగపూడిలో నేడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం నడుస్తోంది. ప్రభుత్వోత్తర్వులు వెలువడే ఆ భవనాలకు కూతవేటు దూరాన, వచ్చినవారందరికీ అన్నం పెట్టమని రాసిన మల్కాపుర శాసనం ఉంది. ఈ పేటలోని బడిలో ఈ మధ్యాహ్నం పళ్లెం ముందు కూర్చొన్న పిల్లకు లాంగ్టన్ ఎవరో, విశ్వేశ్వరుడు ఎవరో, త్యాగరాయ చెట్టి గారు ఎవరో తెలియకపోవచ్చు. ఆ పళ్లెంలోని అన్నం ఒకరి దయాధర్మం కాదనీ, తనకు చెందినదనీ మాత్రం తెలిసి ఉండాలి. ఆ మాట ఆ పిల్లకు తెలియజెప్పడం ఈ సభలోని ప్రతి ఒక్కరి బాధ్యత, త్యాగరాయ చెట్టి గారికి ఈ పేట చెల్లించదగిన నివాళి.